డబ్బున్న నిందితుడు: బెయిలు, ఫోను, పరువు విషయంలో చట్టం ఎంతవరకు అడ్డు నిలుస్తుంది?

#1 తీర్పరి

పెద్దింటి మనిషి మీద క్రిమినల్ కేసు పడగానే రెండు మాటలు వినిపిస్తాయి. "డబ్బుంది, సాయంత్రానికి బయటికొస్తాడు" అనేది ఒకటి. "కోర్టు మొదలవకముందే టీవీలో శిక్ష వేసేశారు" అనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది గానీ ఎక్కడ, ఎందుకు అన్నది మాత్రం ఎవరూ విప్పి చెప్పరు.

ఎఫ్‌ఐఆర్ నుంచి ఛార్జిషీటు దాకా నిందితుడికి చట్టంలో ఉన్న దారులేమిటి, వాటిలో డబ్బు ఎక్కడ అక్కరకొస్తుంది? ఫోను, ఇల్లు, లెక్కలు, లాయరుతో చెప్పుకున్న మాటలు, వీటిలో ఏది దాచుకునే హక్కు ఉంది? కేసు కొట్టేశాక ఇంటర్నెట్‌లో పేరు పోతుందా?

సెక్షన్లు కొత్త చట్టాలవే రాయండి (క్రిమినల్ కేసు నడిచే పద్ధతికి బీఎన్‌ఎస్‌ఎస్, నేరాలకు బీఎన్‌ఎస్, సాక్ష్యానికి బీఎస్‌ఏ, 2024 జులై 1 నుంచి). పార్టీల గొడవ ఇక్కడ వద్దు. నాయకుల కేసులను తీర్పులో ఉన్నంతవరకే ఎత్తండి.

#2 లంచ్‌మోషన్

డబ్బు బాగా పనిచేసేది అరెస్టుకు ముందే. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు అధికారి కాగితం మీద రాయాలి. ఆ అవసరం లేకపోతే 35(3) నోటీసిచ్చి పిలవాలి (ఈ పోస్టులో సెక్షన్లన్నీ బీఎన్‌ఎస్‌ఎస్‌వే). 2014 అర్నేష్ కుమార్ తీర్పు, 2022 సతేందర్ కుమార్ అంటిల్ తీర్పు దీన్నే గట్టిగా చెప్పాయి. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం మామూలుగా అరెస్టు ఉండకూడదు. ఎగ్గొడితే ఆ కవచం పోతుంది. చాలామంది హాజరవుతారు గానీ హాజరైనట్టు ఆధారం ఉంచుకోరు. ఇచ్చిన ప్రతి కాగితానికి కవరింగ్ లెటరు, దాని మీద స్టేషన్ ముద్ర, తేదీ ఉండాలి. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని వాట్సాప్‌లో వచ్చిన నోటీసును చూడనట్టు ఊరుకోవడం తెలివి కాదు. నోటీసు సరిగా అందలేదని, సరైన పద్ధతిలో ఇస్తే వస్తామని లాయరు ద్వారా రాతలో పెట్టాలి.

మూడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరమై, మనిషికి 60 దాటినా, ఒంట్లో బాగోకపోయినా డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు కుదరదు. అది 35(7). పెద్ద వయసు వ్యాపారుల కేసుల్లో కూడా దీన్ని మర్చిపోతుంటారు.

తర్వాత ముందస్తు బెయిలు, సెక్షన్ 482. ఎఫ్‌ఐఆర్ పడకపోయినా వేయొచ్చు, కానీ "నన్ను ఇరికిస్తారేమో" అంటే చాలదు. ఫలానా ఫిర్యాదు, ఫలానా నోటీసు, ఫలానా తేదీ అని నిర్దిష్టంగా భయం చూపించాలి. ఒకసారి ఇస్తే దానికి గడువు పెట్టనక్కర్లేదని, విచారణ ముగిసేదాకా నిలవొచ్చని 2020లో సుశీలా అగర్వాల్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి తేల్చింది. కేసు వేరే రాష్ట్రంలో ఉంటే ఇక్కడి కోర్టు కొద్ది రోజుల రక్షణ ఇచ్చి అక్కడికి పంపొచ్చని 2023 నవంబరు తీర్పు.

మూడోది 528 కింద క్వాష్ పిటిషన్, అంటే కేసునే కొట్టేయమని హైకోర్టును అడగడం. దీని మీద మోజెక్కువ, ఫలితం తక్కువ. దర్యాప్తు సాగుతుండగా "కఠిన చర్యలు వద్దు" అని గుడ్డిగా ఉత్తర్వులివ్వొద్దని 2021 నీహారిక తీర్పులో సుప్రీంకోర్టు హైకోర్టులను హెచ్చరించింది. పైగా క్వాష్ కొట్టేస్తూ హైకోర్టు నాలుగు మాటలు రాస్తే, రేపు బెయిలు వాదనలో పీపీ (ప్రభుత్వ లాయరు) ముందు చదివేది వాటినే.

మన హైకోర్టుల్లో పేపర్లు రోజూ రాసే లంచ్ మోషన్ అంటే, ఉదయం అత్యవసరమని చెప్పి అదే రోజు భోజన విరామం తర్వాత వినిపించుకోవడం. హౌస్ మోషన్ సెలవు రోజుకు. రెండూ ఎవరైనా అడగొచ్చు. కాకపోతే గంటన్నరలో పిటిషన్, అఫిడవిట్, మెటీరియల్ పేపర్లు సిద్ధం చేసి, ఒక సీనియర్‌ను నిలబెట్టగలిగే ఆఫీసు కావాలి. ఖర్చంతా దానికే.

#3 కోర్టుపక్షి

పై పోస్టుకు సరైన ఉదాహరణ 2024 డిసెంబరు 13, శుక్రవారం. సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అల్లు అర్జున్ అరెస్టు, నాంపల్లి మేజిస్ట్రేటు 14 రోజుల రిమాండు, తెలంగాణ హైకోర్టులో నాలుగు వారాల మధ్యంతర బెయిలు, 50 వేల రూపాయల బాండు, మూడూ ఒకే రోజు. అర్ణబ్ గోస్వామి కేసులో 2020 నాటి సుప్రీం తీర్పును హైకోర్టు ఆధారం చేసుకుంది. ఇంత వేగంగా ఉత్తర్వు వచ్చినా ఆ రాత్రి చంచల్‌గూడ జైల్లోనే గడిచింది, బయటికొచ్చింది మర్నాడు ఉదయం. ఉత్తర్వు రావడం, గేటు తెరుచుకోవడం రెండూ ఒకటి కావు.

మధ్యలో ఉండే మెట్లు: ఉత్తర్వు కాపీ సంతకమై అప్‌లోడ్ కావాలి. బాండు, జామీనుదార్ల కాగితాలు సరిచూడాలి. విడుదల ఉత్తర్వు జైలుకు చేరాలి. ఆ మనిషి మీద వేరే కేసులో వారెంటు లేదని జైలు వాళ్ళు చూసుకోవాలి. లాకప్ వేళ దాటితే తెల్లారాల్సిందే. సుప్రీంకోర్టు ఉత్తర్వులు జైళ్ళకు నేరుగా చేరేలా 2022 మార్చిలో 'ఫాస్టర్' మొదలైంది. బెయిలొచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరి ఆదేశం. పెద్దవాళ్ళకు ఏడో రోజు అవసరమే రాదు.

శుక్రవారం అరెస్టుల గురించి: చట్టంలో శుక్రవారానికి ప్రత్యేకత లేదు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, సెలవైతే ఇంటి దగ్గరైనా సరే. కానీ రెగ్యులర్ బెయిలు పిటిషన్‌కు నంబరు పడేది, పీపీ కౌంటరు వేసేది సోమవారమే. ఆ రెండు రోజుల విలువ పోలీసులకూ తెలుసు, లాయర్లకూ తెలుసు.

#4 గడపరాయుడు

హౌస్ మోషన్ ఎవరైనా వేయొచ్చన్నారు. కూలివాడు కూడానా?

#5 కోర్టుపక్షి

@గడపరాయుడు చట్టప్రకారం వేయొచ్చు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12. అయితే ప్యానెల్ లాయరు కేటాయింపయ్యేసరికి ఆ శనాదివారాలు గడిచిపోతాయి. జామీను దగ్గర ఇంకో తేడా కనిపిస్తుంది. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి మేజిస్ట్రేటు 10 వేల పూచీకత్తు అడిగి, వేరే జిల్లా ఆస్తి చెల్లదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని ఏకిపెట్టారు. ఇవాళ 10 లక్షల పూచీకత్తు సంపన్నుడికి ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, చిరుద్యోగికి ఆరు నెలల జైలు. వేర్వేరు రాష్ట్రాల్లో పదమూడు ఎఫ్‌ఐఆర్‌లుంటే ప్రతిదానికీ కొత్త జామీనుదార్లు అక్కర్లేదని, ఉన్నవాళ్ళనే వాడుకోవచ్చని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

#6 రిమాండ్‌రిపోర్టు

అరెస్టయ్యాక మొదట చూడాల్సిన కాగితం అరెస్టు కారణాల కాపీ. అరెస్టు మెమో వేరు, ఇది వేరు. మనీ లాండరింగ్ కేసుల్లో కారణాలు రాతలో ఇవ్వాల్సిందేనని 2023 అక్టోబరు 3న పంకజ్ బన్సల్ తీర్పు చెప్పింది. ముంబై వర్లీలో లగ్జరీ కారు ఢీకొని మహిళ చనిపోయిన కేసు నుంచి పుట్టిన 2025 నవంబరు తీర్పు దాన్ని అన్ని నేరాలకూ విస్తరించింది. నిందితుడికి అర్థమయ్యే భాషలో, రాతలో ఇవ్వాలి. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు హాజరుపరిచే సమయానికి కనీసం రెండు గంటల ముందు రాతకాపీ ఇవ్వాలి. లేకపోతే అరెస్టు, రిమాండు రెండూ చెల్లవు. హైదరాబాదులో పట్టుకున్న మనిషి చేతిలో మరాఠీ కాగితం పెడితే వెంటనే అభ్యంతరం చెప్పాలి, అది రిమాండు డాకెట్‌లో (కోర్టు ఉత్తర్వు రాసే కాగితంలో) రికార్డయ్యేలా చూడాలి. "తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ వాదన పలచబడుతుంది.

పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులే. కాకపోతే పాత పద్ధతిలో మొదటి 15 రోజుల్లోనే అయిపోయేది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 187(2) ప్రకారం దాన్ని ముక్కలు చేసి మొదటి 40 రోజుల్లో (90 రోజుల కేసైతే 60 రోజుల్లో) ఎప్పుడైనా అడగొచ్చు. రెండో వారంలో "ఇక కస్టడీ లేదు" అనుకోవడానికి లేదు.

ఇక డిఫాల్ట్ బెయిలు. 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే బెయిలు హక్కు. కోట్లాది రూపాయల కేసులు తేదీ లెక్క దగ్గర తారుమారవుతాయి. రిమాండు చేసిన రోజును కూడా లెక్కలో కలపాలని 2023 మార్చిలో ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది, డీహెచ్‌ఎఫ్‌ఎల్ అనే గృహరుణాల కంపెనీకి చెందిన వాధవాన్‌ల ఈడీ కేసులో. వాళ్ళ రిమాండు 2020 మే 14. ఆ రోజుతో కలిపితే 60వ రోజు జులై 12. కాగితాల ఛార్జిషీటు కోర్టుకు చేరింది జులై 13న, అంటే 61వ రోజున. తేడా ఒక్క రోజే.

ఇందులో దెబ్బతినే చోట్లు చెబుతాను. హక్కు దానంతటది పనిచేయదు, అడగాలి. 61వ రోజు ఉదయం కోర్టు తలుపు తీయగానే పిటిషన్ పడాలి. మధ్యాహ్నం ఛార్జిషీటు వచ్చినా అప్పుడు ఫర్వాలేదు. పిటిషన్ కంటే ముందు ఛార్జిషీటు పడితే హక్కు పోయినట్టే. బెయిలిచ్చాక జామీను చెప్పిన గడువులో కట్టకపోయినా పోతుంది. "దర్యాప్తు ఇంకా మిగిలి ఉంది కాబట్టి ఛార్జిషీటు అసంపూర్తి" అనే వాదనను అదే వాధవాన్‌ల సీబీఐ కేసులో 2024 జనవరిలో సుప్రీంకోర్టు తిప్పికొట్టింది. నిందితుడి వరకు ఆధారాలు ఉంటే, మిగతావాళ్ళ మీద దర్యాప్తు సాగుతున్నా అది ఛార్జిషీటే.

ఒక కేసులో బెయిలు రాగానే ఇంకో కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి వేరే కేసు కోర్టుకు తెప్పించే వారెంటు) వేసి లోపలే ఉంచడం మన రెండు రాష్ట్రాల్లో కొత్తేం కాదు. జైల్లో ఉంటూనే రెండో కేసులో ముందస్తు బెయిలు అడగొచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దాని వల్ల ఈ ఆట కొంత తగ్గాలి.

#7 లెక్కలమాష్టారు

ఇప్పటిదాకా చెప్పినవి మామూలు నేరాలకు. సంపన్నుల కేసు ఎక్కువగా తిరిగేది మనీ లాండరింగ్ చట్టం చుట్టూ. అక్కడ నేల వేరు.

సెక్షన్ 45 ప్రకారం బెయిలు ఇవ్వాలంటే నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలు ఉన్నాయని, బయటికొస్తే మళ్ళీ చేయడని జడ్జికి అనిపించాలి. ముందస్తు బెయిలుకూ ఇదే కొలత. 2017లో ఈ జంట షరతుల్ని కొట్టేశారు, 2018లో సవరణతో తిరిగొచ్చాయి, 2022 జులై 27న విజయ్ మదన్‌లాల్ చౌధరి తీర్పు నిలబెట్టింది. ఈడీ తన ఎఫ్‌ఐఆర్ లాంటి ఈసీఐఆర్ కాపీని ఇవ్వనక్కర్లేదని కూడా అదే తీర్పు. అంటే ఆరోపణ పూర్తిగా ఏమిటో తెలియకుండానే సమన్లకు జవాబు చెప్పాలి.

మినహాయింపు ఉంది: 16 ఏళ్ళలోపు, మహిళలు, జబ్బుపడ్డవాళ్ళు, మొత్తం కోటి రూపాయల లోపు కేసులు. కల్వకుంట్ల కవిత కేసులో ఢిల్లీ హైకోర్టు, చదువుకున్న, పలుకుబడి ఉన్న మహిళకు ఇది వర్తించదన్నట్టు చెప్పింది. 2024 ఆగస్టు 27న సుప్రీంకోర్టు ఆ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చి బెయిలిచ్చింది. చట్టంలో "మహిళ" అని ఉన్నప్పుడు జడ్జి దానికి అదనపు అర్హతలు తగిలించకూడదు. నా లెక్కన అది సరైన తీర్పు. ఆ మినహాయింపు ఎవరి కోసం పెట్టారన్న చర్చ పార్లమెంటులో జరగాలి, బెయిలు వాదనలో కాదు.

జంట షరతుల్ని దాటించే అసలు దారి ఆలస్యం. ఢిల్లీ మద్యం విధానం కేసులో మనీశ్ సిసోడియా 2024 ఆగస్టు 9న బయటికొచ్చింది నిర్దోషి అని తేలి కాదు. 17 నెలలు గడిచినా విచారణ మొదలవలేదు, సాక్షులు 493 మంది. ఇక్కడ ఈడీ ఒక వాదన తెస్తుంది: ఆలస్యానికి కారణం నిందితుడే, పిటిషన్ మీద పిటిషన్ వేశాడు అని. కాబట్టి పత్రాల కోసం వేసే ప్రతి పిటిషన్ ఎందుకు అవసరమో అందులోనే చెప్పుకోవాలి, వాయిదాలు అడిగింది ఎవరన్నది డాకెట్ల కాపీలతో పట్టిక వేసి ఉంచుకోవాలి. ఈడీ తాను వాడుకోని పత్రాల జాబితా కూడా నిందితుడికి ఇవ్వాలని 2025 మే తీర్పు. ఎక్కువమంది ఇంకా అడగడం లేదు.

బెయిలు వాదనలో రెండు వైపులా చదివే పాత తీర్పులు రెండు: 2జీ కేసులో సంజయ్ చంద్ర (2011), వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి వర్సెస్ సీబీఐ (2013). మొదటిది విచారణకు ముందు జైలు శిక్ష కాకూడదంటుంది. రెండోది ఆర్థిక నేరాలు ప్రత్యేక తరగతి అంటుంది.

ఆస్తుల సంగతి క్లుప్తంగా: తాత్కాలిక జప్తు 180 రోజులు. ఆలోపు అడ్జుడికేటింగ్ అథారిటీ (జప్తు సరైనదో కాదో తేల్చే సంస్థ) ఖరారు చేయకపోతే రాలిపోతుంది. అప్పీలుకు 45 రోజులు. ఇల్లు జప్తయినా విచారణకు ముందే ఖాళీ చేయించడం అరుదైన సందర్భాల్లోనే.

#8 లంచ్‌మోషన్

మాష్టారూ, రెండు చేర్పులు. ఈడీ అసలు అరెస్టే చేయకుండా ఛార్జిషీటు వేసి, కోర్టు సమన్లకు నిందితుడు హాజరైతే, అప్పుడు జంట షరతులతో పనిలేదు, బాండు రాసిస్తే చాలు (2024 మే 16, తర్సేమ్ లాల్). కాగ్నిజెన్స్ తీసుకున్నాక, అంటే కోర్టు కేసును విచారణకు చేపట్టాక, ఈడీ తనంతట అరెస్టు చేయలేదు, కోర్టునడగాలి. అందుకే సమన్ల దశలో తప్పించుకు తిరగడం కంటే హాజరవడం లాభం.

రెండోది సెక్షన్ 50 వాంగ్మూలాలు. సమన్ల మీద వెళ్ళి ఇచ్చినవి సాక్ష్యంగా పనికొస్తాయి. ఈడీ కస్టడీలో ఉండగా ఇంకో ఈడీ కేసు గురించి ఇచ్చినవి ఆ మనిషి మీదే వాడలేరని 2024 ఆగస్టు ప్రేమ్ ప్రకాశ్ తీర్పు.

#9 హ్యాష్‌విలువ

ఫోను దగ్గరికి వద్దాం. నిందితులు దీని గురించే ఎక్కువ భయపడతారు, తెలుసుకునేది మాత్రం తక్కువ.

పాస్‌వర్డ్ చెప్పాలా? సుప్రీంకోర్టు తుది మాట ఇంకా లేదు. కర్ణాటక హైకోర్టు 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో, కోర్టు ఉత్తర్వుతో చెప్పించవచ్చని, అది స్వీయ సాక్ష్యం కిందికి రాదని అంది. ఢిల్లీ సీబీఐ ప్రత్యేక కోర్టు 2022లో, బుర్రలో ఉన్న పాస్‌వర్డ్‌ను రాజ్యాంగం 20(3) అధికరణం (తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదన్నది) కాపాడుతుందని, వేలిముద్రను కాపాడదని అంది. 2023 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కూడా విచారణలో ఉన్న నిందితుణ్ణి పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టలేరంది. వేలిముద్రలు వేరు, తల్లో ఉన్నది వేరు అన్న గీత 1961 కాఠీ కాలు ఓఘడ్ తీర్పు నుంచి ఉంది. గొంతు నమూనా ఇవ్వాల్సిందేనని 2019లో తేలింది. నార్కో పరీక్ష ఒప్పుకోకుండా చేయకూడదని 2010 సెల్వి తీర్పు.

కాబట్టి ముఖంతో, వేలితో తెరుచుకునే ఫోనుకు చట్టంలో రక్షణ తక్కువ, అంకెల తాళానికి కొంచెం ఎక్కువ. ఇక్కడ జాగ్రత్త: నోటీసొచ్చాక చాట్లు చెరపడం, ఫోను మార్చడం రక్షణ కాదు, కొత్త నేరం. బీఎన్‌ఎస్ 238. బెయిలు కొట్టేయడానికి పీపీకి అంతకంటే మంచి కారణం దొరకదు.

సోదా సమయంలో చూసుకోవాల్సినవి:

బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీయాలి, అది ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. వీడియో ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది రాసుకోండి. ఇద్దరు మధ్యవర్తుల సంతకాలతో పంచనామా. అందులో ఫోను మోడల్, ఐఎంఈఐ, సిమ్, ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా రాయాలి. అక్కడికక్కడ హ్యాష్ విలువ (డేటా మారలేదని తేల్చే డిజిటల్ వేలిముద్ర లాంటిది) తీసి రాయించుకోగలిగితే మంచిది. అది లేకుండా "ఒక నల్ల ఐఫోను" అని రాసి సీలు వేస్తే రేపు ల్యాబులో తెరిచిన డేటా ఆ రోజుదే అనడానికి గట్టి ఆధారం ఉండదు. ఈ లోపం ప్రాసిక్యూషన్‌నూ దెబ్బతీస్తుంది, నిందితుణ్ణీ దెబ్బతీస్తుంది. ఎలక్ట్రానిక్ ఆధారానికి జతచేసే బీఎస్‌ఏ 63(4) సర్టిఫికెట్ ఇప్పుడు రెండు భాగాలు: పరికరం చూసుకునేవాడిది ఒకటి, నిపుణుడిది ఒకటి. హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో (షా-256 లాంటిది) అందులో రాయాలి.

కంపెనీ సర్వరు తీసుకెళ్తామంటే కాపీ తీసుకొమ్మని, అసలు వదిలేయమని రాతలో అడగండి. అంతా తీసుకెళ్తే జీతాలు, జీఎస్టీ రిటర్నులు ఆగిపోతాయి. ఇలా రాసిన కాగితం కోర్టులో డేటా కాపీ తిరిగి అడిగేటప్పుడు అక్కరకొస్తుంది.

#10 గడపరాయుడు

భార్య ఫోను, పిల్లల లాప్‌టాప్ కూడా తీసుకెళ్ళొచ్చా? కేసుకు సంబంధం లేని ఫోటోలు బయటికొస్తే?

#11 హ్యాష్‌విలువ

@గడపరాయుడు కేసుకు సంబంధం ఉందనడానికి కారణం చూపిస్తే తీసుకెళ్ళొచ్చు, ఎవరి పేరున ఉందన్నది అడ్డం కాదు. "ఇంట్లో ఉన్నవన్నీ" అనడం మాత్రం తగదు. సంబంధం ఏమిటో పంచనామాలో రాయమని అడగాలి. పరికరాల స్వాధీనంపై ప్రత్యేక నియమాలు కావాలని సుప్రీంకోర్టు 2023 నవంబరులో కేంద్రానికి చెప్పింది, అప్పటిదాకా సీబీఐ మాన్యువల్ పాటిస్తామని కేంద్రం ఒప్పుకుంది. లీకైతే పరువునష్టం దావా, హైకోర్టులో రిట్ ఉన్నాయి. ఎవరు లీక్ చేశారో నిరూపించడమే కష్టం. అందుకే పరికరం చేతులు మారిన ప్రతి తేదీ (స్వాధీనం చేసుకున్నవి స్టేషన్లో దాచే మాల్‌ఖానా రిజిస్టరు, ల్యాబుకు పంపిన లేఖ) అడిగి తీసుకోవాలి. చాట్లు ఛార్జిషీటుకు ముందే టీవీలో వస్తే, ఆ తేదీకి ఫోను ఎవరి దగ్గరుందో ఆ కాగితాలే చెబుతాయి.

ఫోన్ ట్యాపింగ్ వేరే లోకం. హోం కార్యదర్శి ఉత్తర్వు, సమీక్షా కమిటీ లేకుండా కుదరదు. మామూలు నేరాన్ని పట్టుకోవడానికి రహస్యంగా వినడం "ప్రజా భద్రత" కిందికి రాదని మద్రాసు హైకోర్టు 2025 జులైలో ఒక లంచం కేసులో ఉత్తర్వునే కొట్టేసింది. ఢిల్లీ హైకోర్టు దానికి కొద్ది రోజుల ముందే వేరేగా చెప్పింది. పంజగుట్ట స్టేషన్‌లో 2024 మార్చిలో నమోదైన ట్యాపింగ్ కేసు ఎలా తేలుతుందో దీనితో కలిపి చూడాలి.

#12 వకాల్తా

లాయరుతో చెప్పుకున్నది గోప్యం, బీఎస్‌ఏ 132. కానీ హద్దులు తెలియాలి. జరిగిపోయిన నేరం గురించి చెబితే గోప్యం, జరగబోయే నేరానికి సలహా అడిగితే కాదు. చార్టర్డ్ అకౌంటెంటుకు ఈ రక్షణ లేదు. "మా సీఏకి అన్నీ చెప్పాను" అనే పారిశ్రామికవేత్త అసలు సాక్షిని తానే తయారు చేసుకున్నట్టు. కంపెనీ జీతం మీద పనిచేసే లీగల్ హెడ్‌కూ 132 వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది. కాబట్టి అంతర్గత విచారణ నివేదిక బయటి న్యాయవాది చేత, న్యాయ సలహా కోసమని స్పష్టంగా రాసి చేయించుకోవాలి.

అదే తీర్పులో, కక్షిదారు కేసు వివరాల కోసం లాయరును పిలవాలంటే ఎస్పీ స్థాయి అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలన్నారు. లాయరు ఫోను, కంప్యూటరు కావాలంటే కోర్టు సమక్షంలోనే తెరవాలి. సీనియర్ న్యాయవాదులకు ఈడీ సమన్లిచ్చిన గొడవ నుంచి ఇది పుట్టింది.

గోప్యత పేరుతో ఏదైనా చెల్లుతుందనుకోకండి. కారు ఢీకొని మనుషులు చనిపోయిన 1999 ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులో సాక్షిని డబ్బుతో తిప్పే బేరం 2007లో రహస్య కెమెరాకు చిక్కింది. డిఫెన్సు సీనియర్ ఆర్.కె. ఆనంద్ కోర్టు ధిక్కారం 2009లో సుప్రీంకోర్టులోనూ ఖరారైంది. ఆ ప్రసారం ప్రజాప్రయోజనమేనని, ముందు కోర్టు అనుమతి తీసుకోనక్కర్లేదని కూడా అక్కడే చెప్పారు.

#13 పతాకశీర్షిక

మీడియా వైపు నుంచి. ఎఫ్‌ఐఆర్ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది 2016 ఆదేశం. సున్నితమైన కేసని డీఎస్పీ స్థాయి అధికారి నిర్ణయిస్తేనే మినహాయింపు. "పేరున్న కుటుంబం" అనేది సున్నితత్వం కిందికి రాదు. కోర్టు తలుపులు మూసి విచారించమని పరువు పేరుతో అడిగినా కుదరదు. అది అత్యాచారం లాంటి కేసుల్లో బాధితుల కోసం.

వార్తలు ఆపమనే ఉత్తర్వు: 2012 సహారా తీర్పు ప్రకారం విచారణకు నిజమైన, గణనీయమైన ముప్పు చూపిస్తే కొద్దికాలం వాయిదా. శాశ్వతంగా కాదు. రెండో పక్షాన్ని వినకుండా కథనం ఆపడం అసాధారణ సందర్భాల్లోనే చేయాలని 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ కేసులో తేలింది. పోలీసు ప్రెస్‌మీట్ల మీద మాత్రం నిందితుడి ఫిర్యాదుకు బలముంది. దర్యాప్తు దశలో ఏం చెప్పొచ్చో మాన్యువల్ రాయమని కేంద్ర హోంశాఖకు 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుణ్ణి నిలబెట్టి "ఒప్పుకున్నాడు" అని ప్రకటించే ఆనవాయితీ ఇంకా పోలేదు, ఆ ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లకపోయినా.

గోప్యతను చట్టమే తీసేసే చోట్లు కూడా ఉన్నాయి. లిస్టెడ్ కంపెనీ ప్రమోటరో డైరెక్టరో అరెస్టయితే స్టాక్ ఎక్స్ఛేంజికి 24 గంటల్లో చెప్పాలి. ఎన్నికల్లో నిలబడితే ఫారం 26 అఫిడవిట్‌లో పెండింగ్ కేసులన్నీ రాయాలి.

మైనరు అయితే లెక్క మొత్తం మారుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74: పేరు, ఫోటో, స్కూలు, చిరునామా ఏదీ బయటపెట్టరాదు. ఆరు నెలల జైలు, 2 లక్షల జరిమానా దాకా ఉంది. పుణే పోర్షే కేసులో (2024 మే 19, ఇద్దరు యువ ఇంజినీర్ల మృతి) మైనరుకు బెయిలిస్తూ 300 పదాల వ్యాసం రాయమన్న షరతు మీద దేశమంతా మండిపడింది. కానీ ఆ కుటుంబాన్ని నిజంగా ముంచింది తర్వాతి కేసు: రక్తనమూనా మార్పించారన్న ఆరోపణ. పిల్లవాడు జువెనైల్ బోర్డు పరిధిలో ఉండగా, తల్లిదండ్రులు, డాక్టర్లు మామూలు కోర్టులో నిందితులయ్యారు. ప్రభావం వాడబోయి రెండో నేరం తెచ్చుకోవడం ఇలాంటి కేసుల్లో తరచూ కనిపించేదే.

#14 రెండోపక్షం

ఇంతసేపూ నిందితుడి గోప్యతే. బాధితులకూ ఒకటుంది. నటిపై లైంగిక దాడి గురించి నడిచిన కేరళ నటుడు దిలీప్ కేసులో, మెమరీ కార్డు దృశ్యాల కాపీ తనకివ్వాలని నిందితుడు అడిగాడు. అది 'పత్రం' కిందికి వస్తుందని ఒప్పుకుంటూనే, బాధితురాలి గోప్యత దృష్ట్యా కాపీ ఇవ్వకుండా, లాయరు, నిపుణుడితో కలిసి చూసుకోవచ్చని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. డిఫెన్సు హక్కు పోలేదు, దృశ్యం చేతులు మారలేదు. ఇలాంటి ఏర్పాటు ఫోను డేటా కేసులన్నిటికీ పనికొస్తుంది.

బెయిలు దశలో బాధితుల మాట వినాల్సిందేనని, రైతుల మీదికి కారు పోనిచ్చారన్న లఖింపూర్ ఖేరీ కేసులో (2022 ఏప్రిల్ 18) తేల్చి, ఆశిష్ మిశ్రా బెయిలును రద్దు చేశారు. కాబట్టి మృతుల కుటుంబం ఇంప్లీడ్ పిటిషన్‌తో (కేసులో తమనూ చేర్చమనే అర్జీతో) మొదటి వాయిదాకే రావాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 193(3) ప్రకారం 90 రోజుల్లో దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళకు చెప్పాలి. రాకపోతే రాతలో అడగండి.

డబ్బుతో కేసు ముగించుకోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. ఆర్థిక నేరాల్లో రాజీతో క్వాష్ వద్దని 2017 పర్బత్‌భాయ్ తీర్పు నుంచీ వింటున్నాం. అయినా స్టెర్లింగ్ బయోటెక్ బ్యాంకు మోసం కేసులో 5,100 కోట్లు కడితే సందేసరా సోదరుల మీద కేసులన్నీ ముగించడానికి 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ కేసు విశేష పరిస్థితుల వల్లేనని, ఇది నమూనా కాదని ఉత్తర్వులోనే రాశారు. బ్యాంకులకు డబ్బొచ్చింది నిజమే. కానీ 5 లక్షల చీటీ మోసం కేసులో తిరిగి కట్టేసినవాడు ఇదే ఉత్తర్వు పట్టుకుని నాంపల్లికి వస్తే ఏం చెబుతారు?

#15 లెక్కలమాష్టారు

@రెండోపక్షం చీటీ కేసుల్లో ప్రైవేటు వ్యక్తుల మధ్య రాజీతో లోక్ అదాలత్‌లోనో హైకోర్టులోనో రోజూ ముగుస్తున్నాయి. అక్కడ బాధితులు ఎదురుగా నిలబడి ఒప్పుకుంటారు. బ్యాంకు మోసంలో బాధితుడు డిపాజిటరు, అతన్ని ఎవరూ అడగలేదు. నా అభ్యంతరం అది.

#16 ఎడారిఓడ

విదేశాల్లో ఉన్నవాళ్ళకు, వెళ్ళాల్సినవాళ్ళకు. పోలీసులు పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చు గానీ అట్టే పెట్టేసుకోలేరు. ఆ అధికారం పాస్‌పోర్టు అధికారిదే, పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 10(3) (2008, సురేశ్ నందా). తమ దగ్గరే నెలల తరబడి ఉంచుకుంటే ఆ తీర్పు జతచేసి కోర్టులో తిరిగి అడగండి. లుకౌట్ సర్క్యులర్ (దేశం దాటకుండా ఆపమనే నోటీసు) ఉన్నట్టు చాలామందికి శంషాబాద్ ఇమిగ్రేషన్ కౌంటర్లోనే తెలుస్తుంది. ప్రభుత్వ బ్యాంకులు తమంతట లుకౌట్ అడిగే అధికారాన్ని 2024 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. బెయిలు షరతుగా గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ పిన్ పెట్టమనడం గోప్యతకు విరుద్ధమని 2024 జులై 8న సుప్రీంకోర్టు చెప్పింది. అది నైజీరియా పౌరుడి మాదకద్రవ్యాల కేసు, ఇవాళ అందరికీ అదే వర్తిస్తోంది.

అమెరికా వీసా డీఎస్-160లో అడిగేది "శిక్ష పడిందా" అని మాత్రమే కాదు, "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని కూడా. కేసు కొట్టేశారు కదా అని "లేదు" పెడితే అబద్ధం చెప్పినట్టవుతుంది. అరెస్టు కంటే ఆ అబద్ధమే ఎక్కువ నష్టం. "అవును" పెట్టి, క్వాష్ ఉత్తర్వు లేదా తీర్పు సర్టిఫైడ్ కాపీ దగ్గర ఉంచుకోవాలి.

#17 తీర్పరి

చివరి ప్రశ్న మిగిలింది. కొట్టేశాక పేరు?

#18 వకాల్తా

@తీర్పరి నిర్దోషిగా తేలినవాడి పేరు తీర్పులోంచి తొలగించమని మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచి 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2017 పుట్టస్వామి తీర్పు గోప్యత ప్రాథమిక హక్కు అన్నా, తీర్పులు బహిరంగ పత్రాలు అన్న సూత్రంతో అది ఇక్కడ ఢీకొంటుంది.

ప్రస్తుతానికి చేయగలిగినవి: విడుదల తీర్పు సర్టిఫైడ్ కాపీతో ప్రతి వార్తాసంస్థకు విడివిడిగా రాయండి. కథనం తీసేయమని కాదు, కేసు ముగిసిన సంగతి అదే పేజీలో పైన చేర్చమని. తీసేయమంటే పట్టించుకోరు, చేర్చమంటే చాలాచోట్ల చేరుస్తారు. లింకు, కథనం తేదీ, కేసు నంబరు, తీర్పు తేదీ నాలుగూ ఉండాలి. ఈ-కోర్ట్స్‌లో కేసు స్థితి "డిస్పోజ్డ్" అని, ఏ రకంగా ముగిసిందో సరిగా పడిందా చూడండి. "కన్విక్టెడ్" అని తప్పు ఎంట్రీ ఉంటే ఆ కోర్టు సూపరింటెండెంటుకు మెమో వేసి దిద్దించుకోవాలి. స్టేషన్‌లో రౌడీషీటు లాంటిదేదైనా తెరిచి ఉంటే మూసేయమని వేరే అర్జీ పెట్టాలి, తీర్పు వచ్చినంత మాత్రాన అది దానంతటది పోదు.